ముడి లేని అతుకు

బ్రేస్‌లెట్ సగానికి వచ్చేసరికి రేణు చేతిలో నీలం దారం మళ్ళీ తెగింది. జీన్స్ మోకాలికి పిన్నీసుతో గుచ్చుకున్న ఆ బెత్తెడు పట్టీని పీకి సోఫా వెనక్కి విసిరేసి, టీవీ శబ్దం పెంచుకుంది. దానికి అప్పటికి పదకొండేళ్ళు.

ఎనభై ఏడు వేసవిలో అమెరికాలోని నేపర్‌విల్‌లో ఆ వయసు ఆడపిల్లలందరి మోకాళ్ళకీ పిన్నీసులే. ఎంబ్రాయిడరీ దారాలు ఎనిమిది కలిపి పైన ఒక ముడి వేసి, అక్కడినుంచి ఒక్కో దారాన్ని పక్క దారం మీద రెండేసి ముళ్ళు బిగించుకుంటూ పోతే వాలుగా చారలు దిగుతాయి. తయారైన పట్టీని స్నేహితురాలి మణికట్టుకి కట్టాలి. ఎవరిది వాళ్ళు కట్టుకోకూడదు. అదంతటది చీకి ఊడిపోయేదాకా తీయకూడదు.

రేణు స్నేహితుల్లో హెదర్ అనే పిల్ల మాటకి ఎదురులేదు. ఆ పిల్ల ఇంకో నియమం కూడా పెట్టింది. ఎవరు బ్రేస్‌లెట్ ఇచ్చినా దాన్ని వెనక్కి తిప్పి బొటనవేలితో రాసి చూసేది. దారం తెగినచోట ముడి వేసి ఉంటే బొడిపెలా తగులుతుంది. బొడిపె తగిలితే అది దొంగ స్నేహమట. రేణు కష్టపడి అల్లిన మొదటిదాన్ని అలాగే రాసి చూసి, 'ఫేక్' అని తిరిగి దాని ఒళ్ళో పడేసింది. మిగతా అయిదుగురూ నవ్వారు. రేణు గట్టిగా లాగే పిల్ల. దాని చేతిలో దారం తెగకుండా ఒక్క పట్టీ కూడా అయ్యేది కాదు.

సోఫా వెనక పడ్డదాన్ని మీనా వంగి తీసింది. వంటింట్లో బీన్స్ తరుగుతున్న శశికళ అది చూసింది. మీనా ఆమె కూతురు. రేణు కంటే ఏడాది పెద్దది.

శశికళ భర్త రాధాకృష్ణ వెంకటగిరిలో మగ్గం నేసేవాడు. అతని తమ్ముడు శ్యామ్‌సుందర్ చదువుకుని అమెరికా వచ్చి, సిటిజన్ అయ్యాక అన్న కుటుంబాన్ని స్పాన్సర్ చేశాడు. కాగితాలు రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఏడు మే నెలలో ముగ్గురూ వచ్చి తమ్ముడింటి బేస్‌మెంట్‌లో దిగారు. రాధాకృష్ణ ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలకి టేపు వేసే పనిలో చేరాడు. శశికళ పైన వంట చేసేది. చెయ్యమని ఎవరూ అనలేదు. తోడికోడలు నళిని ఒక క్లినిక్‌లో ఉద్యోగం చేసి అయిదున్నరకి ఇంటికి వస్తుంది, ఆమె వచ్చేదాకా ఇంట్లో ఉండి పొయ్యి ముట్టించకపోతే బాగుండదని శశికళే మొదలుపెట్టింది. రెండు వారాల్లో అది ఆమె పని అయిపోయింది. మూడోవారం పప్పులో ఉప్పెక్కువైందని నళిని కూతురిచేత కిందికి కబురంపింది. కానీ శ్యామ్‌సుందర్ మాత్రం రైలు దిగి వస్తూనే వదిన ఈ రోజు ఏం చేసిందని అడిగేవాడు. పధ్నాలుగేళ్ళుగా నళిని వంటని ఒకమాట మెచ్చుకున్నవాడు కాదు.

మీనా కార్పెట్ మీద కూర్చుని తెగిన నీలం దారాన్ని వెలుగుకేసి పట్టి చూసింది. తర్వాత ఆ పిల్ల వేళ్ళు చేసిన పని శశికళకి చూడకుండానే తెలుసు. కొత్త దారం కొసనీ తెగిన కొసనీ గోటితో విప్పి, సగం పోగులు తీసేసి పలచన చేసింది. రెండు కొసల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి, పెదవుల మధ్య ఒకసారి తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక మెలిక అటూ ఒక మెలిక ఇటూ తిప్పింది. అతుకు దారమంతే సన్నగా ఉంది. దానిమీద రెండు ముళ్ళు బిగించేసరికి ఎక్కడ తెగిందో కూడా తెలియలేదు.

మగ్గం మీద తెగిన పోగుకి ముడి వేయరు. ముడి వేస్తే అది దువ్వెన పళ్ళలాంటి అచ్చులో తట్టుకుని పక్క పోగుల్ని కూడా తెంపుతుంది. అందుకే మెలిపెట్టి అతుకుతారు. ఆ పనికి చిన్న వేళ్ళు కావాలి. మీనా ఆరేళ్ళప్పటినుంచీ నాయనమ్మ పక్కన కూర్చుని పోగులు అతికింది. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్ళు ఎత్తిపోసుకునే ఇల్లు అది. ఎవరైనా కొరికిన జామకాయ ఇంకొకరు ముట్టరు. అయినా నోట తడిపిన పోగుని ఎంగిలి అని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆ పోగులతో నేసిన చీరనే అమ్మవారికి కట్టేవారు.

అమెరికా వచ్చిన కొత్తలో హెదర్, రేణు ఒకే పుల్ల ఐసుని మార్చి మార్చి చీకడం చూసి శశికళ మొహం తిప్పుకుంది. ఇక్కడ వీళ్ళకి ఎంగిలి అన్నదే లేదని రాత్రి భర్తతో చెప్పింది.

మీనా పట్టీని రేణు మోకాలిమీద పెట్టింది. రేణు దాన్ని వెనక్కి తిప్పి బొటనవేలితో రాసింది. మళ్ళీ రాసింది. టీవీ కట్టేసింది.

ఆ సాయంత్రానికి బేరం కుదిరింది. రేణు పుట్టినరోజు ఆగస్టు పదిహేను, శనివారం. ఆ రోజు ఆరుగురు స్నేహితులకీ ఆరు బ్రేస్‌లెట్లు ఇవ్వాలి. వాటిలో తెగినవన్నీ మీనా అతికిపెట్టాలి, ఎవరికీ చెప్పకూడదు.

"అప్పుడు సెవెన్త్‌ది నీకు కడతాను," అంది రేణు. "అందరి ముందూ కడతాను, ప్రామిస్. అప్పుడు సెప్టెంబర్‌లో నువ్వు మా టేబుల్‌లో కూర్చోవచ్చు. బాత్‌రూమ్‌లో కూర్చోనక్కర్లేదు."

శశికళ చేతిలో కత్తి ఆగింది. బాత్‌రూమ్‌లో కూర్చోవడమేమిటని అడిగింది. మీనా తల వంచుకుని దారాలు విడదీస్తోంది. రేణు దాపరికం లేకుండా చెప్పేసింది. మేలో స్కూలు మూసే ముందు మీనా పదిరోజులు స్కూలుకి వెళ్ళింది కదా, ఇంగ్లీషు రాదని ఒక తరగతి తగ్గించి రేణు క్లాసులోనే వేశారు కదా. ఆ పదిరోజులూ లంచ్‌కి ఏ టేబుల్ దగ్గరా చోటివ్వలేదు. ఇక్కడ మనుషులున్నారని బల్లమీద చేతులు పెట్టేవారు. మీనా డబ్బా తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, అన్నం చెత్తబుట్టలో పోసి, డబ్బా కడిగి, గంట కొట్టేదాకా గడియ పెట్టుకుని కూర్చునేది. రేణు బల్ల దగ్గర కూడా చోటు లేదా అని పెద్దమ్మ అడుగుతుందేమోనని కాబోలు, అది తనంతట తనే, ఆ టేబుల్ తనది కాదనీ హెదర్‌దనీ చెప్పింది.

"మమ్మీకి అప్పుడే చెప్పాను పెద్దమ్మా," అంది.

శశికళకి మే నెల గుర్తొచ్చింది. కూతురికి పెరుగన్నం సరిపోతోందో లేదోనని నళినిని అడిగింది అప్పుడు. నళిని అద్దంలో చూసుకుంటూ చెవిపోగులు పెట్టుకుంటోంది. "డబ్బా ఖాళీగా వస్తోందిగా అక్కయ్యా. బాగానే తింటోంది," అంది. శశికళ ఆ మాటకి సంతోషపడి మర్నాటినుంచీ ఇంకో గరిటె అన్నం ఎక్కువ పెట్టింది.

ఆ సంగతి ఆమె నళినిని అడగలేదు. ఉంటున్నది వాళ్ళింట్లో. కానీ ఆ రోజునుంచీ సెప్టెంబరు అనే మాట ఆమె చెవిలో పడితే చాలు, చేతిలో పని ఆపి కూతురివైపు చూసేది. లంచ్‌లో ఎవరు ఎక్కడ కూర్చునేదీ మొదటిరోజే తేలిపోతుందనీ, ఇక ఏడాదంతా అంతేననీ రేణు చెప్పింది. మీనాకి ఆ బల్ల దగ్గర చోటు దొరకాలి. అంతకంటే ఆమె ఏమీ కోరుకోలేదు. తన వంతు పనులు కూతురిచేత చేయించడం మానేసింది. గిన్నెలు తనే తోముకునేది. బట్టలు తనే మడతపెట్టేది. మీనా వాషింగ్ మెషీన్ పక్కన, గడ్డి మొదళ్ళు కనిపించే చిన్న కిటికీ కింద కూర్చుని అల్లేది.

మొదట తెగినవి అతకడమే అన్నది నాలుగు రోజుల్లో మారిపోయింది. రేణు రెండు వరుసలు వేసి, విసుగుపుట్టి పక్కన పెట్టేది. మీనా పూర్తి చేసేది. తర్వాత రేణు రంగులు మాత్రం చెప్పేది. ఆరు బ్రేస్‌లెట్లూ మీనా చేతిలోనే తయారయ్యాయి. ఏడోది అల్లడానికి తెల్లదారం తక్కువైతే, మిగతావాటినుంచి మిగిలిన కొసలన్నీ అతికి ఒక నిడివి చేసుకుంది. ఆ ఒక్క దారంలో తొమ్మిది అతుకులున్నాయని తల్లికి రహస్యంగా చెప్పి, కనుక్కోమంది. శశికళ అయిదు కనుక్కోగలిగింది.

ఒకనాడు నళిని బట్టలు వేయడానికి కిందికి వచ్చింది. శశికళ అప్పుడు పైన ఉంది. మీనా దారం కొస పెదవుల మధ్య పెట్టుకోవడం నళిని చూసింది. ఆమె పుట్టింట్లో కూడా తాతల కాలంలో మగ్గాలుండేవి. తండ్రి బ్యాంకులో చేరాక ఆ ఊసు ఎత్తడం మానేశారు. ఆమెకి ఆ పని తెలుసు.

"ఛీ. ఎంగిలి చేస్తున్నావేమిటే," అంది. మీనా చేతిలోది కింద పెట్టేసింది. నళిని కాసేపు నిలబడి చూసింది. "సరేలే, కానీ. రేణుకి చెప్పకు, అది వాంతి చేసుకుంటుంది," అని నవ్వుతూ మెషీన్ మూత వేసి పైకి వెళ్ళిపోయింది.

మీనా ఆ సంగతి తల్లికి చెప్పలేదు. ఆ తర్వాత దారం తడిపేటప్పుడల్లా మొహం గోడవైపు తిప్పుకునేది. అంతే.

పుట్టినరోజునాడు శశికళ తెల్లవారుతూనే లేచి సమోసాలకి పిండి కలిపింది. పెరట్లో చెక్క డెక్ మీద బెలూన్లు కట్టారు. ఆరుగురు పిల్లలూ వచ్చారు. హెదర్ తల్లి జూడీ, ఇంకో పిల్ల తల్లి కూడా ఉండిపోయారు. రేణు కేకు కోశాక చిన్న పెట్టెలోంచి బ్రేస్‌లెట్లు తీసి ఒక్కొక్కరికీ కట్టింది. హెదర్ ఆరింటినీ వెనక్కి తిప్పి బొటనవేలితో రాసింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. ఇంత పర్‌ఫెక్ట్‌గా ఎవరూ చేయలేదని అంది. రేణు మొహం వెలిగిపోయింది. ఏడోది పెట్టె అడుగున ఉంది. మీనా పేపరు ప్లేట్లు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఆ పెట్టెనే చూస్తోంది. వంటింటి కిటికీలోంచి శశికళ కూడా దాన్నే చూస్తోంది. మూకుట్లో సమోసాలు ఒకవైపు మాడాయి.

రేణు పెట్టె మూత పెట్టేసింది. మర్చిపోయిందేమో అనుకుంది శశికళ. తర్వాత ఇస్తుందేమో అనుకుంది.

హెదర్ చేతికి జూన్‌నుంచీ ఉన్న పాత బ్రేస్‌లెట్ ఒకటి ఉంది. తనే అల్లి తన చెల్లెలి చేత కట్టించుకున్నది. దానికి అంచున ఎర్రదారం తెగి వేలాడుతోంది. ఇంత బాగా చేశావు కదా, ఇది కూడా బాగుచెయ్యమని రేణుకి చెయ్యి చాపింది. అందరూ చుట్టూ మూగారు. రేణు దారం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఒక ముడి వేయబోయి ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మీనాకి వచ్చు," అంది చివరికి. ఇంకేం చెప్పాలో తోచక అన్నట్టుంది.

మీనా ప్లేట్లు పక్కన పెట్టి వచ్చింది. పెట్టెలోంచి ఎర్రదారం ముక్క తీసుకుంది. మూతి తుడుచుకున్నట్టుగా చెయ్యి మొహం దగ్గరికి తీసుకెళ్ళి, వెంటనే దించి, హెదర్ మణికట్టు మీదే అతుకు తిప్పేసింది. నిమిషం కూడా పట్టలేదు. హెదర్ రాసి చూసింది. చేతిని అందరికీ చూపించింది. ఆ ఆరూ ఎవరు చేశారని సూటిగా అడిగింది. మీనా రేణువైపు చూసింది. రేణు తల వంచుకుంది. అందరికీ అర్థమైంది. హెదర్ పెద్దగా కోప్పడలేదు. జరిగి తన పక్కన బెంచీ మీద చోటిచ్చి మీనాని కూర్చోమంది. పెట్టె మూత తనే తీసి, ఏడోది చూసి, ఇది ఎవరికని అడిగింది. మీనా గుండెమీద వేలు పెట్టుకుంది. హెదర్ దాన్ని తీసి మీనా మణికట్టు చుట్టూ తిప్పింది.

రేణు లేచి ఇంట్లోకి పరుగెత్తింది. వంటింట్లో తల్లి నడుము పట్టుకుని ఏడ్చింది. అది తన బర్త్‌డే అనీ, అందరూ మీనాతోనే మాట్లాడుతున్నారనీ, మీనా వెళ్ళిపోవాలనీ ఇంగ్లీషులో చెప్పింది. నళిని టిష్యూతో దాని మొహం తుడిచింది. కిటికీలోంచి ఒకసారి బయటికి చూసింది. శశికళ స్టవ్ దగ్గర్నుంచి కదల్లేక నిలబడి ఉంది. తన కూతురు చేసినదానికి తను మాట పడాల్సి వస్తుందనుకుంది.

నళిని ఆమెవైపు తిరిగి నవ్వింది.

"అక్కయ్యా, స్టవ్ ఆఫ్ చేసి ఒక్కసారి బయటికి రా. పిల్లలు ముచ్చటపడుతున్నారు. దారం ఎలా అతుకుతారో నువ్వు చూపించు. మీ ఇంటి పనితనం కదా, మీనా కంటే నీకే బాగా వచ్చు."

వచ్చి మూడు నెలలైంది. ఇన్నాళ్ళలో ఎవరూ ఆమెకి ఏం వచ్చో అడగలేదు. శశికళ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. జుట్టు సవరించుకుంది. డెక్ మీదికి వస్తుంటే నళిని ఆమె భుజంమీద చెయ్యి వేసి నడిపించుకొచ్చి, వీళ్ళ కుటుంబమంతా నేతగాళ్ళనీ, ఇప్పుడు అసలు టెక్నిక్ చూపిస్తుందనీ ఇంగ్లీషులో చెప్పింది. జూడీ కుర్చీ దగ్గరికి లాక్కుంది. పిల్లలు వంగారు.

"అమ్మా, వద్దు," అంది మీనా. చాలా చిన్నగా అంది.

శశికళ విన్నది. పిల్ల సిగ్గుపడుతోందనుకుంది. ఒక పచ్చదారం తీసుకుని అందరికీ కనపడేలా ఎత్తి పట్టి మధ్యకి తెంపింది. కొసలు గోటితో విప్పింది. అందరికీ అర్థం కావాలని ప్రతి పనీ నెమ్మదిగా చేసింది. మగ్గం దగ్గరైతే రెప్పపాటులో అయిపోయేది. ఇక్కడ నెమ్మదిగా నోరు తెరిచి, రెండు కొసల్నీ నాలుక మీద పెట్టి, పెదవులు మూసి, తడిసిన దారాన్ని బయటికి లాగి చూపించింది. వేళ్ళమధ్య తిప్పింది. అతికిన దారాన్ని రెండు చేతులా లాగి, తెగలేదు చూడండి అన్నట్టు నవ్వింది.

ఎవరూ నవ్వలేదు. జూడీ కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. ఒక పిల్ల తన మణికట్టు చూసుకుంది. నళిని తీయగా, పాపం అన్నట్టుగా, వాళ్ళ ఊళ్ళో అన్నీ ఉమ్మితోనే చేస్తారని చెప్పింది.

"గ్రోస్," అసహ్యంగా ముక్కు చిట్లించి అంది ఎవరో.

కేకు పెట్టె రిబ్బను కత్తిరించిన కత్తెర బల్లమీదే ఉంది. మొదటి పిల్ల దానితో తన బ్రేస్‌లెట్ కోసుకుంది. తర్వాతి పిల్లకి జూడీ కోసింది. పారేయడానికి చోటు కనపడక సమోసాల ప్లేటులో వేశారు. ఒకటి తర్వాత ఒకటి నాలుగు పడ్డాయి. రెండో తల్లి సమోసా కొరికి చేతిలో పట్టుకుని ఉంది. ఇవి ఎవరు చేశారని అడిగింది. నళిని శశికళవైపు చూసింది. ఆమె సమోసాని కాగితపు నాప్‌కిన్‌లో పెట్టి, నాప్‌కిన్ మడిచి, బల్ల అంచున పెట్టింది. అది చూసి మిగతావాళ్ళు కూడా ప్లేట్లు కింద పెట్టారు. శశికళకి ఉమ్మి అన్న ఇంగ్లీషు మాట తెలియదు. ప్లేట్లు కింద పెట్టడం అర్థమైంది.

హెదర్ చేతిలో మీనా బ్రేస్‌లెట్ ఇంకా కట్టడం పూర్తి కాలేదు. రెండు కొసలూ పట్టుకునే ఉంది. మీనా మొహంలోకి చూసి, నువ్వు కూడా అంతేనా అని అడిగింది. నా చేతిమీద కూడా అదే చేశావా అని అడిగింది.

మీనా తల్లివైపు చూసింది. అది తల్లిని అంత నిదానంగా ఎప్పుడూ చూడలేదు. తర్వాత బల్లమీది మంచినీళ్ళ గ్లాసు చూపించింది.

"నో," అంది. "ఐ యూజ్ వాటర్. ఓన్లీ మై మదర్... షీ డూ దట్. ఆల్ సిక్స్, మై మదర్. ఐ టెల్ హర్ నో."

అందరూ శశికళవైపు తిరిగారు. వాటర్, మదర్ అనే మాటలు ఆమెకి తెలుసు. మీనా మణికట్టు చుట్టూ వేలాడుతున్న రెండు కొసలు కనిపిస్తున్నాయి. ఆ తెల్లదారంలో తొమ్మిది అతుకులున్నాయి, అన్నీ ఆ పిల్ల నోట తడిపినవే.

"యెస్," అంది శశికళ. తన గుండెమీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ అంది. "యెస్."

హెదర్ ఒక క్షణం ఆలోచించి కొసలు ముడి వేసింది. తర్వాత రేణువైపు తిరిగింది. అప్పటికి రేణు తలుపు దగ్గర నిలబడి ఉంది. నువ్వే చేశానని చెప్పి, ఈమె నోట్లోవి మాకు కట్టావని అంది. రేణు తనకి తెలియదని ఏడ్చింది. అది నిజమే. ఎవరూ నమ్మలేదు. అతికేటప్పుడు నీకు కనపడలేదా, ఇదే ఇంట్లో ఉంటున్నావు కదా అని ఇంకో పిల్ల అడిగింది. కానుకలు విప్పకుండానే జూడీకి ఏదో పని గుర్తొచ్చింది. కారెక్కేముందు హెదర్ వెనక్కి తిరిగి, సోమవారం తమతో పూల్‌కి రమ్మని మీనాని పిలిచింది. రేణు పక్కనే ఉంది. దాన్ని పిలవలేదు.

నళిని డెక్ మీద అటూ ఇటూ చూసింది. ఆమె అనుకున్నది ఒకటైతే జరిగింది ఒకటి. శశికళతో ఒక్క మాటా అనలేదు. అనాలంటే తనే పిలుచుకొచ్చిన సంగతి అనాలి. నల్లసంచీ తెచ్చి సమోసాలనీ కోసిన బ్రేస్‌లెట్లనీ ప్లేటుతో సహా అందులో వేసి మూతి బిగించింది. మూకుట్లో మిగిలినవి కూడా వేసింది. శ్యామ్‌సుందర్ బజారునుంచి వచ్చి పార్టీ ఎలా జరిగిందని అడిగితే తలనొప్పిగా ఉందని పడుకుంది.

శశికళ పొయ్యి తుడిచి కిందికి వెళ్ళేసరికి మీనా కిటికీ కింద కూర్చుని చెయ్యి తిప్పి చూసుకుంటోంది. శశికళ పక్కన కూర్చుంది. బాగుందే అంది. మనసులో ఏ మూలా కోపం కనపడలేదు ఆమెకి. పిల్లకి చోటు దొరికింది, అంతే కావలసింది. దారం మీద వేలు పెట్టబోతే మీనా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చేతులు కడుక్కుని ముట్టుకో అమ్మా," అంది.

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అంది. శశికళ లేచి వాషింగ్ మెషీన్ పక్కనున్న తొట్టి దగ్గరికి వెళ్ళి, బట్టల సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. తిరిగి వచ్చేసరికి పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత మీనా పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని అల్లేది. హెదర్ వాళ్ళు వచ్చినప్పుడు అందరి ముందూ వేళ్ళు గ్లాసులో ముంచేది. నీళ్ళతో మెలిక నిలవదు, జారిపోతుంది. దారం తెగితే పట్టీ తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, అతికి బయటికి వచ్చేది. పిల్లలు వచ్చినరోజు శశికళని పైకి రావద్దనేది. శశికళ కింద బట్టలు మడతపెట్టుకుంటూ పైన అడుగుల చప్పుడు వినేది. వాటిలో కూతురివేవో పోల్చుకోవడానికి ప్రయత్నించేది. వినగా వినగా పోల్చుకోగలిగింది. అది కూడా ఇప్పుడు ఇంట్లో బూట్లతోనే తిరుగుతోంది.

సెప్టెంబరు వచ్చింది. రెండు డబ్బాలూ శశికళే సర్దేది. మీనా ఇప్పుడు బ్రెడ్డే అడిగేది, అంచులు కొరికి వదిలేసి తెచ్చేది. రేణుకి కూడా బ్రెడ్డే. దాంతోపాటు నళిని చెప్పినట్టు క్యారెట్ ముక్కలు పెట్టేది. పుట్టి బుద్ధెరిగాక రేణు ఒక్క క్యారెట్ ముక్క తిన్నది కాదు. పోయినేడంతా అవి డబ్బాలోనే తిరిగొచ్చేవని నళినే చెప్పింది.

మొదటిరోజు రేణు డబ్బా తెరిచి శశికళ కాసేపు చూస్తూ నిలబడింది. లోపల ఏమీ లేదు. బ్రెడ్డు లేదు, అంచులు లేవు, క్యారెట్ ముక్కలు లేవు. తుడిచినట్టుంది. రెండోరోజూ అంతే. మూడోరోజు డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. దానికి బ్రెడ్డు వాసన లేదు, స్కూలు సబ్బు వాసన ఉంది. మే నెలలో మీనా డబ్బాకి ఉన్నది అదే వాసన. అప్పుడు ఆమెకి అది తెలియలేదు.

రెండువారాలు గడిచాయి. ఒక సాయంత్రం నళిని ఆఫీసు బట్టల్లోనే వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడింది. రేణు బల్ల దగ్గర హోమ్‌వర్క్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మీనా ఇంట్లో లేదు, హెదర్ ఇంటికి వెళ్ళింది. నళిని కూతురి చెయ్యి పట్టుకుని చూసి, చిక్కిపోయిందని అంది. అడిగితే ఏమీ చెప్పదు, రాత్రుళ్ళు సరిగ్గా పడుకోదు, టీచర్‌తో మాట్లాడాలో ఏమో అంది. తర్వాత, పుట్టినరోజు తర్వాత మొదటిసారి, శశికళని మొహంలోకి చూసి అడిగింది.

"లంచ్ సరిగ్గా తినడం లేదేమో అక్కయ్యా. ఏమన్నా మిగులుస్తోందా?"

శశికళ రేణు డబ్బా కడుగుతోంది. కడగడానికి అందులో ఏమీ లేదు. అయినా సబ్బు పట్టించి రెండుసార్లు తిప్పింది. రేణు తలెత్తి పెద్దమ్మనే చూస్తోంది. ఆ చూపులో, చెప్పమని ఉందో చెప్పొద్దని ఉందో, శశికళ అటు తిరిగి చూస్తే తెలిసేదే.

"డబ్బా ఖాళీగా వస్తోందిగా నళినీ," అంది. "బాగానే తింటోంది."

డబ్బా గుడ్డతో తుడిచి మూత పెట్టి, మర్నాటికి దాని చోట పెట్టింది. ఇంకో నాలుగు క్యారెట్ ముక్కలు ఎక్కువ తరగడానికి కత్తి తీసింది.